యాప్‌లో కనపడని విమానం టవర్‌లో వాళ్ళకి కనపడుతుందా?

(ఈ వారం వీడియోలో మాట్లాడిన మాటల రాత రూపం ఇది. చదువుకోవడానికి వీలుగా అక్కడక్కడా సరిచేశాం.)

చోడవరం నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు ఎపిసోడ్‌కి కారణం మా వీధిలో ఉండే ఒక బాబాయ్. చెరకు రైతు. సాయంత్రం పూట మేడ మీద కూర్చుని ఫోన్‌లో విమానాల యాప్ చూడటం ఆయనకి ఈ మధ్య అలవాటైంది. తల మీద ఏ విమానం వెళ్తోంది, ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తోంది, ఎంత ఎత్తులో ఉంది, అన్నీ ఆ యాప్ చెప్పేస్తుంది కదా. మొన్న నన్ను కేకేసి పిలిచి, "ఏటి బాబూ ఇది, చప్పుడు వినపడతంది, కంటికీ కనపడతంది, ఫోన్‌లో మాత్రం లేదు!" అన్నారు.

"నేవీ వాళ్ళది అయ్యుంటుంది బాబాయ్" అన్నాను.

ఆయన అక్కడితో ఊరుకోలేదు. "సరే, మనకి చెప్పకపోతే చెప్పకపోయారు. జనాన్ని ఎక్కించుకున్న విమానం కూడా అదే ఆకాశంలో ఉంది కదా. ఆళ్ళకైనా ఈడున్నట్టు తెలస్తదా? తెలవకపోతే ఎలాగ?" అన్నారు.

చూడండి, ఎంత మంచి ప్రశ్నో. రహస్య విమానాల గురించి యూట్యూబ్‌లో వందల వీడియోలు ఉన్నాయి. అది ఎంత స్పీడు, ఎంత ఎత్తు, రాడార్‌కి దొరకదట, ఇవే మాటలు. కానీ ఆ విమానాన్ని, మన ప్రయాణికుల విమానాన్ని పక్కపక్కన పెట్టుకుని ఇద్దరినీ క్షేమంగా దాటించే మనిషి ఒకరు ఉంటారు. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్. ఆ మనిషికి ఎంత చెప్తారు, ఎంత దాస్తారు, దాచినప్పుడు ఏమవుతుంది? ఈ రోజు మాట్లాడుకునేది దాని గురించే.

ముందు, యాప్‌లో ఎందుకు కనపడలేదు?

మీ ఫోన్‌లో ఉన్న యాప్ రాడార్ కాదండీ. ఇప్పటి విమానాల్లో ఏడీఎస్-బీ అని ఒక పరికరం ఉంటుంది. "నేను ఫలానా విమానాన్ని, ఇక్కడ ఉన్నాను, ఇంత ఎత్తులో ఉన్నాను" అని అది ఆగకుండా చాటింపు వేస్తూ ఉంటుంది. దాన్ని పట్టుకునే చిన్న రిసీవర్లు ఊరూరా మామూలు మనుషులు కూడా ఇళ్ళ మీద పెట్టుకోవచ్చు. వాళ్ళ దగ్గర నుంచి వచ్చిన సమాచారాన్ని కలిపి యాప్ చూపిస్తుంది. అంటే విమానం నోరు తెరిచి చెప్తేనే యాప్‌కి తెలుస్తుంది. చెప్పకపోతే తెలీదు. మిలటరీ విమానం ఆ చాటింపు ఆపేసుకోవచ్చు. అందుకే బాబాయ్ ఫోన్‌లో లేదు.

కంట్రోలర్ ముందు ఉండే తెర సంగతి వేరు. అక్కడ రెండు రకాల రాడార్లు ఉంటాయి. మొదటిది ప్రైమరీ రాడార్. ఇది తరంగాలు పంపుతుంది, అవి విమానానికి తగిలి వెనక్కి వస్తాయి. విమానం మాట్లాడకపోయినా పర్వాలేదు. అయితే ఇది ఒక చుక్క మాత్రమే చూపిస్తుంది. అది ఎవరు, ఎంత ఎత్తులో ఉన్నారు అనేది చెప్పదు. రెండోది సెకండరీ రాడార్. ఇది విమానాన్ని ప్రశ్న అడుగుతుంది. విమానంలో ఉండే ట్రాన్స్‌పాండర్ అనే పెట్టె జవాబు ఇస్తుంది. నాలుగు అంకెల కోడ్, ఎత్తు, రెండూ తెర మీదకి వస్తాయి. 7700 అని కోడ్ పెట్టారంటే ప్రమాదంలో ఉన్నామని, 7600 అంటే రేడియో పనిచేయట్లేదని, 7500 అంటే హైజాక్ అని. ప్రపంచంలో ఎక్కడైనా ఇవే.

2014 మార్చి 8 న మలేషియా విమానం ఎంహెచ్370 మాయమైంది గుర్తుందా? ట్రాన్స్‌పాండర్ జవాబు ఆగిపోగానే మామూలు కంట్రోలర్ల తెర మీద నుంచి అది పోయింది. కానీ మలేషియా మిలటరీ ప్రైమరీ రాడార్‌లో ఒక చుక్క వెనక్కి తిరిగి పడమర వైపు వెళ్ళినట్టు తర్వాత తేలింది. చుక్క ఉంది, పేరు లేదు. కంట్రోలర్లకి ఎక్కువ భయం పుట్టించేది ఇలా పేరు లేని చుక్కే.

విశాఖలో ఆ తెర ముందు ఎవరు కూర్చుంటారు?

మనలో చాలామందికి తెలీని విషయం ఇది. విశాఖపట్నం విమానాశ్రయం రన్‌వే నేవీది. ఐఎన్ఎస్ డేగ అనే నౌకాదళ విమాన స్థావరం అది. 1991 అక్టోబర్ 21 న కమిషన్ అయింది. నేవీ తన విమాన స్థావరాలకి పక్షుల పేర్లు పెడుతుంది. మన దగ్గర పెట్టింది డేగ, అచ్చమైన తెలుగు పేరు. మనం టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్ళే టెర్మినల్‌ని ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ నడుపుతుంది. కానీ "దిగొచ్చు", "ఎగరొచ్చు", "ఆగండి" అని చెప్పే టవర్ మాత్రం నేవీ చేతిలో ఉంటుంది. గోవా దబోలిమ్‌లో కూడా ఇదే పద్ధతి.

అంటే మన హైదరాబాద్ ఫ్లైట్‌ని దింపేదీ, నేవీ డోర్నియర్‌ని, హెలికాప్టర్‌ని పంపించేదీ ఒకే టవర్. దీనివల్ల ప్రయాణికులకి కొన్ని ఇబ్బందులు ఉన్నాయి. నేవీ శిక్షణ విమానాలు ఎగిరే వేళల్లో సివిల్ విమానాలకి దొరికే సమయాలు తగ్గుతాయి. భోగాపురంలో కొత్త విమానాశ్రయం కావాలని ఇన్నేళ్ళు అడగడానికి ఇదొక పెద్ద కారణం. కానీ భద్రత వైపు నుంచి చూస్తే ఒక లాభం ఉంది. రెండు వైపుల సంగతీ తెలిసిన మనిషే ఆ కుర్చీలో ఉంటాడు. బాబాయ్ ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే దొరికిపోయింది.

"ఎందుకు" అని అడగని ఉద్యోగం

మరి రహస్యంగా వెళ్ళే విమానం కంట్రోలర్‌కి ఏం చెప్తుంది? సింపుల్‌గా చెప్పాలంటే: ఎక్కడ, ఎంత ఎత్తులో, ఎంతసేపు. ఈ మూడూ చెప్తుంది. ఎందుకు అనేది చెప్పదు, కంట్రోలర్ అడగడు. సముద్రం మీద ఒక ముక్క ఆకాశాన్ని కింద ఇంత ఎత్తు నుంచి పైన ఇంత ఎత్తు వరకు వాళ్ళకి కేటాయిస్తారు. లోపల వాళ్ళు ఏమైనా చేసుకోవచ్చు. ఆ గీత లోపలికి మిగతా విమానాలు రాకుండా, వాళ్ళు గీత దాటి బయటికి రాకుండా చూడటమే కంట్రోలర్ పని.

అమెరికా యూ-2 గూఢచారి విమానాల పద్ధతి చూడండి. అవి 60,000 అడుగుల పైకి వెళ్ళిపోతాయి. మామూలు విమానాలు 40,000 అడుగులు దాటడమే తక్కువ. యూ-2 పైలట్ రేడియోలో 60,000 పైన ఉన్నాను అంటాడు, అంతే. ఎంత పైన అనేది చెప్పడు. కంట్రోలర్‌కి ఆ మాట చాలు, ఎందుకంటే ఆ ఎత్తులో తగిలే ప్రయాణికుల విమానం ఉండదు. దాచాల్సింది దాచాడు, చెప్పాల్సింది చెప్పాడు. పద్ధతి అంటే ఇది.

మన నేవీ పీ-8ఐ కూడా మంచి ఉదాహరణ. జలాంతర్గాముల్ని వెతికే విమానం. తమిళనాడు అరక్కోణంలో ఐఎన్ఎస్ రాజాలి నుంచి 2013 నుంచి పనిచేస్తున్నాయి. తమాషా ఏంటంటే అది బోయింగ్ 737 మీద కట్టిన విమానం. మేడ మీద నుంచి చూస్తే మామూలు ప్యాసింజర్ విమానం అనే అనుకుంటాం. దాచుకోవడానికి విచిత్రమైన ఆకారమే ఉండక్కర్లేదు.

ఇంకో పద్ధతి నోటామ్. "ఫలానా రోజు, ఫలానా టైములో, బంగాళాఖాతంలో ఈ ప్రాంతంలోకి రావొద్దు" అని ముందే విమానాలకి ఇచ్చే నోటీసు. 2024 నవంబర్‌లో విశాఖ తీరానికి దూరంగా సముద్రంలో ఐఎన్ఎస్ అరిఘాత్ జలాంతర్గామి నుంచి కే-4 క్షిపణిని పరీక్షించారు. అలాంటి పరీక్షకి ముందు ఆకాశాన్ని ఖాళీ చేయించాల్సిందే. ఇక్కడే ఒక చిక్కు ఉంది. నోటామ్ ఇస్తే ప్రపంచం అంతా చదువుతుంది, ఏదో జరగబోతోందని తెలిసిపోతుంది. ఇవ్వకపోతే విమానాలు అటు వెళ్తాయి. రహస్యం కొంచెం బయటపడినా సరే, ప్రాణాలు ముఖ్యం అని చాలా దేశాలు నోటామ్ ఇస్తున్నాయి.

చట్టం ఏమంటుందో కూడా చెప్పుకోవాలి. 1944 లో చికాగోలో ఒప్పందం అయింది. ప్రపంచ విమానయానానికి అదే పునాది. దాని మూడో అధికరణం మిలటరీ, కస్టమ్స్, పోలీసు విమానాలకి ఈ ఒప్పందం వర్తించదు అంటుంది. అంటే సివిల్ విమానాల రూల్స్ వాళ్ళకి లేవు. కానీ అదే అధికరణంలో ఒక షరతు ఉంది. సివిల్ విమానాల భద్రతని దృష్టిలో పెట్టుకుని నడుచుకోవాలి అని. అంతర్జాతీయ సముద్రాల మీద మిలటరీ విమానం ఫ్లైట్ ప్లాన్ ఇవ్వకుండా తిరిగితే నేరం కాదు. ఎవరికీ తగలకుండా చూసుకునే భారం మాత్రం మొత్తం దాని మీదే పడుతుంది.

కంట్రోలర్‌కే చెప్పకపోతే?

ఇప్పుడు పాత కథకి వద్దాం. 1955 లో అమెరికాలో యూ-2 ని పరీక్షించడం మొదలుపెట్టారు. అప్పటి ప్రయాణికుల విమానాలు చాలావరకు 10,000 నుంచి 20,000 అడుగుల మధ్యే తిరిగేవి. 60,000 అడుగుల ఎత్తులో మనిషి ఎగరగలడని ఎవరూ అనుకోలేదు. సాయంత్రం కింద చీకటి పడిపోతుంది, పైన యూ-2 మీద మాత్రం ఇంకా ఎండ పడుతూ ఉంటుంది. వెండి రెక్కలు నిప్పులా మెరుస్తాయి. కింద వెళ్తున్న పైలట్లు అది చూసి కంట్రోలర్లకి రిపోర్ట్ చేసేవారు, పైన ఏదో వెలుగుతోంది అని. కంట్రోలర్‌కీ ఏమీ తెలీదు. ఏం జవాబు చెప్తాడు? ఎగిరే పళ్ళాల కథలు అప్పట్లో అంతగా పెరగడానికి ఇది ఒక ముఖ్య కారణం అని సీఐఏ తన సొంత చరిత్రలోనే రాసుకుంది.

ఇది ఎక్కడో అమెరికా కథే అనుకోకండి. 1962 యుద్ధం తర్వాత చైనా సరిహద్దుని ఫోటోలు తీయడానికి ఇదే యూ-2 మన దగ్గరికి వచ్చింది. ఒడిశాలో కటక్ దగ్గర చార్‌బాటియా అనే పాత రెండో ప్రపంచ యుద్ధం నాటి స్థావరం ఉంది. దాన్ని వాడుకోనివ్వడం గురించి 1963 జూన్ 3 న అమెరికా అధ్యక్షుడు కెనెడీ, మన రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ మాట్లాడుకున్నారు. అవును, మన ఆంధ్రా యూనివర్సిటీకి 1931 నుంచి 1936 వరకు వైస్ ఛాన్సలర్‌గా ఉన్న రాధాకృష్ణన్ గారే. 1964 మే 24 న అక్కడి నుంచి యూ-2 ఎగిరింది. మూడు రోజులకి నెహ్రూ చనిపోయారు, పని ఆగింది. ఆ ఏడాది డిసెంబర్‌లో మళ్ళీ వచ్చారు. ఈ వివరాలన్నీ జనానికి తెలిసింది 2013 లో, సీఐఏ కాగితాలు బయటపడ్డాక. మన తూర్పు తీరం మీద జరిగిన సంగతి మనకి తెలియడానికి దాదాపు 50 ఏళ్ళు పట్టింది.

అప్పట్లో ఆకాశంలో విమానాలు తక్కువ. చెప్పకపోయినా గడిచిపోయింది. ఇప్పుడు అలా కుదరదు.

2014 మార్చిలో స్వీడన్ దగ్గర ఏం జరిగిందో చూడండి. కోపెన్‌హేగన్ నుంచి రోమ్ వెళ్తున్న ఎస్ఏఎస్ ప్రయాణికుల విమానానికి రష్యా నిఘా విమానం ఒకటి బాగా దగ్గరగా వచ్చింది. దాని ట్రాన్స్‌పాండర్ ఆఫ్‌లో ఉంది. ఆ రోజు ఆకాశం తేటగా ఉంది, పైలట్లు కళ్ళతో చూసి తప్పుకున్నారు. మబ్బు పట్టి ఉంటే?

2025 జనవరి 29 రాత్రి వాషింగ్టన్‌లో తప్పుకోలేకపోయారు. దిగుతున్న ప్రయాణికుల విమానం, సైన్యానికి చెందిన బ్లాక్ హాక్ హెలికాప్టర్ ఢీకొన్నాయి. 67 మంది చనిపోయారు. ఆ హెలికాప్టర్ నుంచి ఏడీఎస్-బీ చాటింపు రావట్లేదని దర్యాప్తులో తేలింది. ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. దాని ట్రాన్స్‌పాండర్ పనిచేస్తూనే ఉంది, కంట్రోలర్ తెర మీద అది కనపడింది. కంట్రోలర్ విమానం గురించి హెచ్చరించారు కూడా. విమానం కనపడుతోందని హెలికాప్టర్ వాళ్ళు అన్నారు. కాబట్టి చాటింపు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. కానీ అంత రద్దీ ఉన్న చోట, రాత్రి పూట, ఒక విమానం ఇంకో విమానానికి తన ఉనికి చెప్పుకునే దారుల్లో ఒకటి మూసి ఉంది. అమెరికాలో పెద్ద చర్చ నడిచింది దీని మీదే.

రహస్య విమానానికే అవసరం పడితే

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. 2025 జూన్ 14 రాత్రి కేరళ తిరువనంతపురంలో బ్రిటిష్ నేవీ ఎఫ్-35బీ దిగింది. ప్రపంచంలో అతి ఖరీదైన, రాడార్‌కి సులువుగా దొరకని యుద్ధ విమానాల్లో అదొకటి. ఇంధనం తగ్గిపోయింది, తను బయల్దేరిన ఓడకి వెళ్ళే వీలు లేదు. ఏం చేస్తుంది? ఎమర్జెన్సీ అని చెప్పుకుని దిగే చోటు అడిగింది. మన వైమానిక దళం దాన్ని ముందే గుర్తించి అనుమతి ఇచ్చామని చెప్పింది. తర్వాత మరమ్మతు సమస్య వచ్చి అది జులై 22 దాకా అక్కడే ఉండిపోయింది.

ఇంకో సంగతి వింటే నవ్వొస్తుంది. ఇలాంటి స్టెల్త్ విమానాలు మామూలు రోజుల్లో ఎగిరేటప్పుడు రాడార్‌కి కనపడేలా చిన్న పరావర్తకాలు తగిలించుకుంటాయి. కోట్లు పోసి కనపడకుండా తయారు చేసి, మళ్ళీ కనపడటానికి ముక్క అతికించడం! యుద్ధం లేనప్పుడు ఎవరికీ కనపడకపోవడం వాళ్ళకే ప్రమాదం కదా. పైగా తమ అసలు రాడార్ గుట్టు ఎదుటివాడికి దొరక్కుండా కూడా ఉంటుంది.

ఈ విషయంలో మన విశాఖకి ఒక గాయం ఉంది

2016 జులై 22. వైమానిక దళానికి చెందిన ఏఎన్-32 ఉదయం ఎనిమిదిన్నరకి చెన్నై తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి బయల్దేరింది. ఇది రహస్య విమానం కాదు, మామూలుగా తిరిగే సర్వీసే. లోపల 29 మంది. అందులో 8 మంది మన విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. ఎన్ఏడీ కొత్తరోడ్డు అని రోజూ బస్సు దిగే చోటు పేరు అంటాం చూడండి, ఆ ఎన్ఏడీ. డ్యూటీ మీద వెళ్ళారు.

9 గంటల 12 నిమిషాల ప్రాంతంలో, చెన్నైకి సుమారు 150 నాటికల్ మైళ్ళ దూరంలో, 23,000 అడుగుల ఎత్తులో ఉన్న ఆ విమానం ఎడమకి తిరిగి వేగంగా కిందికి దిగుతూ తెర మీద నుంచి పోయింది.

ఇక్కడ రాడార్ గురించి ఒక మాట అర్థం చేసుకోవాలి. భూమి గుండ్రంగా ఉంది. రాడార్ చూపు తిన్నగా వెళ్తుంది. 150 మైళ్ళ దూరంలో సుమారు 15,000 అడుగుల కిందికి విమానం దిగిపోతే నేల వంపు అడ్డొస్తుంది. ఇంక కనపడదు. అంటే పడిపోతున్న విమానం ఆఖరి మూడు మైళ్ళ కథ ఒడ్డున ఉన్న ఏ కంట్రోలర్‌కీ కనపడదు. సివిలా, మిలటరీనా అనే తేడా దానికి లేదు.

ఓడలు, విమానాలు వారాల తరబడి వెతికాయి. దొరకలేదు. చివరికి 2024 జనవరిలో, చెన్నై తీరానికి 140 నాటికల్ మైళ్ళ దూరంలో, 3,400 మీటర్ల లోతున శకలాలు కనపడ్డాయని వైమానిక దళం ప్రకటించింది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ పంపిన మనిషి లేని నీటి వాహనం ఫోటోలు తీసింది. ఏడున్నర ఏళ్ళు. ఆ ఎనిమిది ఇళ్ళలో ఏడున్నర ఏళ్ళు తలుపు చప్పుడైతే చాలు ఎలా ఉండి ఉంటుందో మీరే ఆలోచించండి.

ఈ సంగతి ఎందుకు చెప్పానంటే, రహస్యం అనే మాట మనకి సినిమాలా అనిపిస్తుంది. లోపల కూర్చునేది మన పక్కింటి మనిషి. "ఎక్కడున్నావు, ఎంత ఎత్తులో ఉన్నావు" అని కంట్రోలర్ అడిగేది కూపీ లాగడానికి కాదు. రేపు ఏదైనా జరిగితే ఎక్కడ వెతకాలో ఒక్కరికైనా తెలిసి ఉండటానికి.

బాబాయ్‌కి జవాబు

మొన్న సాయంత్రం మళ్ళీ మేడ మీద కూర్చున్నాం. చెప్పాను. "బాబాయ్, నీ ఫోన్‌కి తెలీకపోవచ్చు. మన ఊరి మీద వెళ్ళేవాడి సంగతి డేగ టవర్‌కి తెలుసు. ఆడు ఏం పని మీద వెళ్తున్నాడో నీకూ నాకూ అక్కర్లేదు. పక్కోడికి తగలకుండా చూసేవాడు ఒకడున్నాడు, అది చాలు" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే దాచినా ఒకడికి చెప్పి దాచాలన్నమాట" అన్నారు. నేను ఇంతసేపు మాట్లాడింది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారండీ.

చివరిగా రెండు మాటలు. ఒకటి, మీలో కొంతమంది "ఇది ఏ విమానం సార్, గుర్తుపట్టండి" అని వీడియోలు పంపుతున్నారు. మిలటరీ విమానాలు ఎప్పుడు ఎటు వెళ్తున్నాయో చూపించే వీడియోలు నేను పెట్టను. మీరు కూడా పెట్టకండి. 2025 లో ప్రభుత్వం మీడియాకి కూడా ఇదే చెప్పింది, రక్షణ దళాల కదలికల్ని లైవ్‌లో చూపించొద్దని.

రెండోది, పిల్లలకి రహస్య విమానం చూడాలని ఉంటే విశాఖ ఆర్కే బీచ్‌కి తీసుకెళ్ళండి. కురుసుర జలాంతర్గామికి ఎదురుగా టీయూ-142 ఉంటుంది. 1988 నుంచి 2017 వరకు మన సముద్రాల మీద కాపలా కాసిన విమానం. అది ఎగిరే రోజుల్లో ఎటు వెళ్తోందో మనకి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు టికెట్ తీసుకుని లోపలికే ఎక్కొచ్చు.

మీ ప్రశ్నలు ఉంటే కింద రాయండి. వచ్చే వారం కలుద్దాం. ఉంటానండీ, నమస్కారం.